నక్కా, నాకలోకం, ప్రింటరూ

టొలీడోలో, లాండ్రోమాట్‌కీ
పన్నుల లెక్కలు రాసిపెట్టే కొట్టుకీ మధ్య
మా కోచింగ్ గది.
గోడ అవతల డ్రయ్యర్లు తిరిగినంతసేపూ
మా బల్లలు సన్నగా వణుకుతాయి.
శనివారం తొమ్మిదింటికి
ఐదుగురు పిల్లలు, ఆరు డోనట్లు, పదకొండేళ్లుగా నేను.

పెన్సిళ్ల పెట్టె బల్ల మీద ఉందా, ఉన్నాయా?
ఉన్నాయి, అంటాడు కోల్టన్.
వాడి తప్పు కాదు.
మన మాటల్లో అయితే పెట్టె చివరికొచ్చి
క్రియ పక్కనే కూర్చుంటుంది, పొరపాటుకి సందు లేదు.
ఇంగ్లీషులో పెట్టె ముందు నడిచిపోతుంది,
వెనక దొర్లుకొచ్చిన పెన్సిళ్లు
క్రియ చెవి కొరుకుతాయి.

"మధ్యలో దూరినవాళ్లని బొటనవేలితో మూసెయ్,
మిగిలింది చదువు.
ఏదీ, నీ సొంత వాక్యం ఒకటి రాయి."
కోల్టన్ రాశాడు:
మా నాన్న, ఇద్దరు బాబాయిలతో, కుక్కతో, పడవతో సహా,
కెంటకీ వెళ్లిపోతున్నాడు.
బాబాయిల మీద, కుక్క మీద, పడవ మీద
బొటనవేలు పెట్టాడు.
మిగిలింది చదివాడు.
ఏకవచనమే, అన్నాడు.
సరైన జవాబు. టిక్కు పెట్టాను.
ఇంకేం పెట్టాలో తెలియలేదు, డోనట్ల డబ్బా అటు జరిపాను.

తర్వాత పోలికలు.
ఒహాయో చలికాలం ఫ్లోరిడా కన్నా పొడుగు:
తప్పెక్కడ?
ఎవరికీ దొరకలేదు.
చలికాలాన్ని చలికాలంతో తూచాలి,
తక్కెడ అటువైపు ఒక రాష్ట్రాన్నే ఎక్కించేస్తే ఎలా?
మావాళ్లు ఈ సూత్రాన్ని ఎప్పుడో
ఒక్క నక్కతో తేల్చేశారు:
నక్కెక్కడ, నాకలోకమెక్కడ!
తెలుగులో అనేసి, ఇంగ్లీషులో చెప్పబోయి చిక్కుకున్నాను.
"స్వర్గంలో నక్కకేం పని?" అంది రనా హద్దాద్.
"పని లేదనే కదా" అన్నాను.
"పాపం" అంది.

పన్నెండయ్యేసరికి అద్దం తలుపు అవతల కార్లు.
హవిష వాళ్లమ్మ లోపలికొచ్చి, బూట్ల మంచు దులుపుకుంటూ,
"దీని స్కోరు మా ఆడపడుచు కూతురు ప్రణతి కన్నా
నలభై తక్కువండీ, ఏం చేద్దాం?"
హవిష కోటు గుండీలు పెట్టుకుంటూ
తల ఎత్తకుండా అంది:
"ప్రణతి స్కోరు కన్నా.
నా స్కోరుని మనిషితో పోల్చకూడదు."
"ఏమంటోందండీ ఇది?"

ఇది.
సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను.
అరిచేతిలో అగ్రిమెంటు సూత్రాలు పదమూడు,
ఒక్కటీ దీనికి అతకదు.
హవిష వెళ్లింది. కారు వెళ్లింది.
ఒకే క్రియ, రెండింటికీ సరిపోయింది.

ఆమాటకొస్తే, పోయిన వారం ఫోనులో విన్నాను:
ఉమాపతి గారు వచ్చారు,
టీచరు వచ్చింది,
కొత్త ప్రింటరు వచ్చింది.
ఒక్క మనిషి బహువచనమై వచ్చాడు,
జీతాలిచ్చేది ఆయన కదా.
నేనూ ప్రింటరూ ఒక క్రియలో సర్దుకుని వచ్చాం.
దాని మీద రెండేళ్ల వారంటీ ఉంది.

పిల్లల్లో ఎవరైనా అడిగితే,
మీ భాషలో ఇది తప్పు కాదా అని,
మార్పు అక్కర్లేదు,
అదే జవాబు, నాలుగు ఆప్షన్లలో మొదటిది.
అందరూ అనుమానించేదీ,
చాలాసార్లు నిజమయ్యేదీ అదే.

డ్రయ్యర్లు ఆగాయి, బల్లలు కుదుటపడ్డాయి.
డబ్బాలో ఆరో డోనటు
నాకోసమే మిగిలిందో, ఎవరికీ నచ్చక మిగిలిందో.
తిన్నాను.
కోల్టన్ కాగితం మడిచి పుస్తకంలో పెట్టాను.
దీపాలార్పి తాళం వేశాను.

వేశాను.
ఈ మాట ప్రింటరు అనలేదు.